మాస్టారి ప్రశ్నల పుస్తకాలు

ఆగస్టు 9న పాడేరులో ఉన్నాను. భూమి కేసు ఒకటి చూసుకుందామని వెళ్తే ఊరంతా ఊరేగింపులో ఉంది. ముసురు పట్టింది. తడిసిన రోడ్డు మీద డప్పులు, కొమ్ము బూరలు, ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసుకుని థింసా ఆడుతున్న ఆడవాళ్ల వరుసలు. జంక్షన్‌లో మైకు పట్టుకున్న ఒక కుర్రవాడు ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటనలోని పదో అధికరణాన్ని కాగితం చూడకుండా చెప్పాడు. ఆదివాసులను వాళ్ల నేల మీద నుంచి బలవంతంగా కదిలించకూడదని, ముందుగా అన్నీ తెలియజెప్పి ఒత్తిడి లేకుండా తీసుకున్న సమ్మతి ఉండాలని, న్యాయమైన పరిహారం సంగతి తేలాలని, వీలైతే మళ్లీ తిరిగి వచ్చే దారి ఉండాలని. ఒక్క ముక్క వదలలేదు.

ఆ వానలో నిలబడి మా మాస్టారిని తలచుకున్నాను. ఆదివాసుల సమస్యల మీద ఐక్యరాజ్యసమితి వేసిన కార్యవర్గం 1982 ఆగస్టు 9న జెనీవాలో మొదటిసారి కూర్చుంది. ఆ రోజునే తర్వాత ప్రపంచ ఆదివాసీ దినోత్సవంగా ప్రకటించారు. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. ఆయన చెబుతుంటే టైపు చేశాను. నాకు తెలిసిన న్యాయశాస్త్రంలో ముప్పాతిక వంతు అలా వేలి కొసల నుంచి ఎక్కిందే.

*

విశాఖలో సముద్రం కనిపించే గది ఆయనది. అంతర్జాతీయ న్యాయం చెప్పే ప్రొఫెసరు. నేను టైపు హయ్యరు పాసై, ఇంట్లో ఖాళీగా ఉండలేక, ఆయన పరిశోధన ప్రాజెక్టులో తాత్కాలిక టైపిస్టుగా చేరిన పిల్లని. జీతం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. ఆలస్యమైన నెలల్లో ఆయన తన జేబులోంచి కవరులో పెట్టి ఇచ్చేవారు. అమ్మగారు లెక్క రాసుకునేవారని, ఆ లెక్క ఎప్పుడూ నన్ను అడగలేదని చాలా కాలానికి తెలిసింది.

కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే ఉప్పుగాలి. తెరిచే ఉంచేవారు. గాలికి మిషను కడ్డీలు తుప్పు పట్టేవి. శనివారం మధ్యాహ్నం కుట్టుమిషను నూనె చుక్కలు చుక్కలుగా వేసి, పాత పళ్ల బ్రష్షుతో అక్షరాల దిమ్మలు తోమడం నా పని. కాగితాలు చెమ్మగిల్లి ఉబ్బేవి. కార్బన్ వేళ్లకు అంటితే సబ్బుకు వదిలేది కాదు.

స్టెన్సిల్ కొట్టడం అన్నిటికన్నా కష్టమైన పని. రిబ్బన్‌ను పక్కకు తప్పించి, మైనం పూసిన పల్చటి కాగితం మీద ఉత్త ఇనుప అక్షరంతో కొట్టాలి. మెల్లగా కొడితే సిరా దిగదు. గట్టిగా కొడితే ఇంగ్లీషు ‘ఓ’ నడిమి ముక్క ఊడి, అచ్చులో అక్కడ నల్లటి చుక్క పడుతుంది. తప్పు పడితే సీసాలోని ఎర్రటి ద్రవం చిన్న కుంచెతో రాసి, ఊది, ఆరాక సరిగ్గా అదే చోట మళ్లీ కొట్టాలి. ఆ తర్వాత సైక్లోస్టైల్ మిషను దగ్గర అటెండరు సత్తుగరిటెతో సిరా పోసి పిడి తిప్పుతుంటే, ఒక్కొక్క కాగితమూ తడితడిగా బయటికి వచ్చేది. మాస్టారు మొదటి కాపీ చేతిలోకి తీసుకుని, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చదివేవారు. ఎక్కడైనా ఒక అధికరణం సంఖ్య సరిగా పడకపోతే ఆ పేజీ మొత్తం మళ్లీ కొట్టించేవారు. ‘‘ఈ కాగితం పట్టుకుని ఎవరో ఒకరు కోర్టు మెట్లెక్కుతారు. అక్కడ పదకొండు పదిహేడుగా కనబడకూడదు’’ అనేవారు. ఆ మాట నాకు అప్పుడు అతిగా అనిపించేది. నేనే ఆ మెట్లెక్కడం మొదలుపెట్టాక అనిపించడం మానేసింది.

*

ఆ గదిలో నేను ఎక్కువసార్లు కొట్టిన కాగితం అంతర్జాతీయ కార్మిక సంస్థ 107వ ఒడంబడిక. 1957లో జెనీవాలో చేశారు. 1958లో భారత ప్రభుత్వం ఆమోదించింది. ఆదివాసుల మీద వచ్చిన మొట్టమొదటి అంతర్జాతీయ ఒడంబడిక అది. అందులో పదకొండో అధికరణం తాతల నాటి నుంచి ఉంటున్న భూముల మీద ఆ జనానికి ఉమ్మడిగానో విడివిడిగానో యాజమాన్యం ఉందని గుర్తించమంటుంది. పన్నెండోది వాళ్ల ఇష్టం లేకుండా అక్కడి నుంచి కదిలించవద్దంటుంది. అయితే దేశ భద్రత, దేశ ఆర్థికాభివృద్ధి, వాళ్ల ఆరోగ్యం అనే మూడు మినహాయింపులు పెట్టింది. పదమూడోది, వాళ్ల ఆచారాలనూ చట్టం తెలియనితనాన్నీ ఆసరా చేసుకుని బయటివాళ్లు భూములు కాజేయకుండా కట్టడి చేయమంటుంది.

‘ఆర్థికాభివృద్ధి’ దగ్గర ఆయన ప్రతిసారీ ఎర్ర పెన్సిల్ ఆపేవారు. ఆనకట్టలూ గనులూ అన్నీ ఆ ఒక్క మాటలోంచే దూరతాయి. ఆ ఒడంబడికలో ఇంకో పెద్ద లోపం ఉంది. ఆదివాసులు కాలక్రమంలో తక్కినవాళ్లలో కలిసిపోతారని, కలిసిపోవాలని దాన్ని రాసినవాళ్ల నమ్మకం. 1989లో 169వ ఒడంబడిక వచ్చి ఆ ధోరణిని సరిదిద్దింది. ఆదివాసులు తమలాగే ఉండిపోవాలనుకుంటే అది వాళ్ల హక్కు అని ఒప్పుకుంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. ఇవాళ్టికీ లేదు.

డిపార్టుమెంటులో చిన్న లెక్చరర్లు కొందరు, కొత్తది వచ్చాక ఇంకా ఆ పాతదాన్ని పట్టుకోవడం ఎందుకని అడిగేవారు. ఆయన ఓపికగా చెప్పేవారు. 169 మంచిదే. దాని మీద మనవాళ్ల సంతకం లేదు. 107లో లోపాలున్నాయి, కానీ సంతకం ఉంది. కొత్తది అమల్లోకి వచ్చాక పాతదానిలో కొత్తగా చేరే వీలు పోయింది గానీ, అప్పటికే చేరినవాళ్లకు బాధ్యత తీరిపోలేదు. అప్పు పత్రం పాతదైనంత మాత్రాన అప్పు తీరినట్టు కాదు కదా.

అక్కడి నుంచి నేరుగా మన ఏజెన్సీ చట్టానికి వచ్చేవారు. మద్రాసు రాష్ట్రపు 1917 చట్టం, దాని తర్వాత 1959 నాటి భూబదలాయింపు నియంత్రణ, దానికి 1970లో చేసిన సవరణ. ఊళ్లలో 1/70 అంటారే, అది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న ఏజెన్సీ భూమి ఏదైనా గిరిజనుడి దగ్గర నుంచే వచ్చిందని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం భూమి పట్టుకున్నవాడిది. మైదానంలో ఇలాంటి సూత్రం మనకు కనబడదు. మామూలు కేసుల్లో కాగితం ఉన్నవాడిది పైచేయి. ఇక్కడ కాగితం లేని మనిషి వైపు నిలబడి చట్టం మొదలవుతుంది. 107లోని పదమూడో అధికరణం ఈ నేల మీద ఎలా ఉండాలో మనవాళ్లు రాసి చూపించారని ఆయనకు గర్వం. ఒకదాన్ని చూసి ఇంకొకటి చేశారని మాత్రం ఎన్నడూ అనలేదు. రుజువు లేని మాట అనేవారు కాదు.

*

పండగ సెలవుల్లోనూ ఎండాకాలంలోనూ కొండలెక్కేవాళ్లం. కిరండూల్ ప్యాసింజరు పొద్దున్నే విశాఖలో బయలుదేరేది. కొత్తవలస, శృంగవరపుకోట దాటి శివలింగపురం వచ్చేసరికి గాలి చల్లబడేది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లల కేకలు. స్టేషన్లలో అడ్డాకుల కట్టలు, కొండచీపుళ్లు, పనసకాయలు, బుట్టల్లో సీతాఫలాలు. ఎదురుగా ఇనుప ఖనిజం గూడ్సు వస్తుందంటే మా బండిని పక్క లైన్లో పెట్టేవారు. ఎంతసేపు ఆగుతుందో గార్డుకు కూడా తెలిసేది కాదు. ఎర్రటి దుమ్ము కప్పుకుని ఒక దాని వెంట ఒకటి వ్యాగన్లు వెళ్తుంటే మాస్టారు వరసగా లెక్కపెట్టేవారు. బైలదిల్లా ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేయడం కోసం 1960లలో వేసిన లైను అది. ఈ కొండల్లోకి రైలు మనుషుల కోసం రాలేదని, వచ్చిన రైల్లో మనుషులకు కూడా చోటిచ్చారని చెప్పేవారు.

దిగాక నడకే. కొండదొరల ఊళ్లు, కోందుల ఊళ్లు, పోర్జాల ఊళ్లు. చలికాలమైతే వలిసె పూలు విరగబూసి వాలులన్నీ పచ్చగా ఉండేవి. బొర్రా చుట్టుపక్కల కొన్ని చోట్ల మాత్రం కొండ పక్క తెల్లగా చెక్కేసి ఉండేది. కాల్సైటు కోసం తవ్విన చోట్లవి. దగ్గరలోని చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి పొడి.

సాయంత్రాలు బడి వరండాలోనో ఎవరి వాకిట్లోనో కూర్చునేవాళ్లం. చోడి అంబలి తాగి, సామ అన్నంలో చిక్కుడు గింజల కూర తిన్నాక, లాంతరు మధ్యలో పెట్టి మాస్టారు 107 చదివేవారు. ఒక్కొక్క వాక్యమూ తెలుగులో చెప్పి ఆగేవారు. కువి మాట్లాడే ఊళ్లలో బడిపంతులు దాన్ని వాళ్ల భాషలోకి మార్చేవాడు. ఎంత ఆలస్యమైనా ఆయన తొందరపడేవారు కాదు. ఆ తర్వాత ఉపన్యాసం ఇస్తారని అనుకుంటారు ఎవరైనా. ఇచ్చేవారు కాదు. ‘‘మీరు ఇప్పుడు నన్ను అడగండి’’ అనేవారు. నాకు ముందే చెప్పి ఉంచారు: ‘‘అమ్మాయీ, నేను చెప్పే జవాబు రాయనక్కర లేదు. వాళ్ల ప్రశ్న ఉన్నది ఉన్నట్టు రాయి. ఊరి పేరు రాయి. అడిగిన మనిషి పేరు మాత్రం వాళ్లు రాయమంటేనే రాయి.’’

అలా నిండినవే ప్రశ్నల పుస్తకాలు. నీలం అట్ట, రూళ్ల కాగితం, మామూలు బడి నోటుబుక్కులు. వాటిలోవి కొన్ని నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. వాటిలో వచ్చే ముఠాదారు అంటే కొన్ని కొండ ఊళ్ల శిస్తు వసూలు చేసిన పెత్తందారు.

మా తాత ముఠాదారుకు శిస్తు కట్టాడు, రసీదు ఇవ్వలేదు. అది కట్టినట్టా, కట్టనట్టా?

ముఠాలు రద్దు చేశారన్నారు. మరి ముఠాదారు దగ్గరున్న లెక్కల పుస్తకం ఎవరికి అప్పగించాడు?

లీజు కాగితంలో మా ఊరి పేరు తప్పు రాశారు. తప్పు పేరుతో ఉన్న లీజు మా ఊరికి చెల్లుతుందా?

షావుకారు మా అక్కను రెండో పెళ్లి చేసుకుని భూమి ఆవిడ పేరున కొన్నాడు. భూమి ఆవిడదా, ఆయనదా?

గార్డు కల్లు, కోడి తీసుకుని పోడు చేసుకోమన్నాడు. కొత్త గార్డు వచ్చి కేసు పెట్టాడు. పాత గార్డు ఇచ్చిన మాట ప్రభుత్వం మాట అవుతుందా?

కొండలో దేవత ఉంది. ఆ కొండ అమ్మిన కాగితం మీద దేవత కోసం ఎవరు వేలిముద్ర వేశారు?

మాస్టారు రాసిన వ్యాసాలన్నిటి పైనా ఇలాంటి ఒక ప్రశ్న ఉంటుంది. శీర్షిక కింద మొదటి వాక్యం అదే. దానికి జవాబు వెతుక్కుంటూ 107లోకి, రాజ్యాంగం అయిదో షెడ్యూలులోకి, ఇతర దేశాల తీర్పుల్లోకి వెళ్లేవారు. వ్యాసం చివరికి వచ్చేసరికి జవాబు దొరక్కపోతే దొరకలేదని రాసేవారు. ఒక పెద్ద పత్రిక సంపాదకులు ఆ ప్రశ్నలు తీసేస్తే వేస్తామని ఉత్తరం రాశారు. ఆ వ్యాసం వెనక్కి తెప్పించుకున్నారు. మళ్లీ సైక్లోస్టైల్ సిరా, తడి కాగితాలు, ఊళ్లకు పోస్టు.

ఇవాళ ఆదివాసీ హక్కుల మీద వచ్చే పరిశోధన చాలావరకు చదువుతాను. ఎన్నో వందల ఉల్లేఖనలు ఉంటాయి. ముఠాదారుకు శిస్తు కట్టిన తాత మాత్రం కనబడడు. అది నాకు నిజంగా బాధ.

*

మాస్టారు ఊళ్లలో చెప్పే కథలు రెండు ఉండేవి. కథలంటే జరిగినవే.

మొదటిది డెస్కాహే కథ. కెనడాలో గ్రాండ్ నది ఒడ్డున ఆరు తెగల సమాఖ్య ఉంది. ఆయన కయుగా తెగ పెద్ద. కెనడా ప్రభుత్వం తమ పెత్తనాన్ని కాలరాస్తోందని చెప్పుకోవడానికి 1923లో జెనీవా వెళ్లాడు. అప్పటికి ఐక్యరాజ్యసమితి లేదు, నానాజాతి సమితి ఉండేది. తమ సమాఖ్య తానే రాసిచ్చిన పాస్‌పోర్టుతో వెళ్లాడు. ఏడాదికి పైగా అక్కడే ఉన్నాడు. పర్షియా, ఐర్లాండ్, ఎస్తోనియా, పనామా లాంటి దేశాలు ఆయన మాట వినాలని ప్రయత్నించాయి. బ్రిటన్ అడ్డుపడింది. సభలోకి రానివ్వలేదు. ఈలోగా అక్కడ కెనడా ప్రభుత్వం వాళ్ల పెద్దల సభనే రద్దు చేసింది. ఆయన 1925లో చనిపోయాడు.

ఈ కథ విన్నప్పుడు జనం మొదట అడిగేది ఆ పాస్‌పోర్టు గురించే. తెగ ఇచ్చిన కాగితాన్ని సముద్రం అవతల సరిహద్దు దగ్గర ఎలా ఒప్పుకున్నారు? మరి మనం రాసిస్తే అరకు చెక్‌పోస్టులో ఒప్పుకుంటారా? ఆ ప్రశ్న కూడా పుస్తకంలో ఉంది.

రెండోది మాబో కథ. ఆస్ట్రేలియాకు ఉత్తరాన సముద్రంలో మెర్ అనే చిన్న దీవి. తెల్లవాళ్లు వచ్చేనాటికి ఆ దేశంలో భూమికి యజమానులు లేరని, ఎవరిదీ కాని నేల కాబట్టి బ్రిటిష్ రాజ్యానిదైందని రెండు వందల ఏళ్లు కోర్టులు నమ్మాయి. మెర్ దీవి మనిషి ఎడ్డీ మాబో, మరికొందరు కలిసి కేసు వేశారు. మా తోటల గట్లు చూడండి, ఏ కుటుంబానిది ఎక్కడి వరకో మాకు తెలుసు, పక్కవాడి గట్టు దాటకూడదని ‘మాలో’ అనే మా దేవుడు చెప్పిన కట్టుబాటు ఉంది అన్నారు. 1992 జూన్‌లో ఆస్ట్రేలియా హైకోర్టు వాళ్ల వైపు తీర్పు చెప్పింది. మాబో ఆ ఏడాది జనవరిలోనే పోయాడు.

ఆ తీర్పు వచ్చాక మాస్టారికి కొత్త ఉత్సాహం వచ్చింది. ప్రతి ఊళ్లో పెద్దలను వెంటబెట్టుకుని సరిహద్దుల వెంట నడిచేవారు. గెడ్డ, ఆ గెడ్డ మీద జీలుగు చెట్టు, అక్కడి నుంచి ఏనుగు వీపులా ఉన్న రాయి, రాయి దగ్గర ఇటుకల పండగకు వేటకు బయలుదేరే చోటు. నేను నడుస్తూనే రాసుకోవాలి. రాత్రికి బసకు వచ్చాక ఆ గుర్తులన్నీ వరసగా చదివి వినిపించాలి. పక్క ఊరి పెద్దలు కూడా అవే గుర్తులు చెబితే మాస్టారు పిల్లవాడిలా సంతోషపడేవారు. ఇద్దరు పోట్లాడుకుంటే ఆ పోట్లాట కూడా రాయించేవారు. హద్దు గురించి తగువు పడుతున్నారంటే హద్దు ఉన్నట్టే కదా అనేవారు.

మనకు ఈ దారి కొత్తది కాదని గుర్తుచేసేవారు. ఆదిలాబాదులో కొమరం భీము పోరాటాన్ని కాల్పులతో అణచివేశాక, నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుణ్ణి గోండుల మధ్యకు పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, వాళ్ల భాష నేర్చుకుని, భూములకు పట్టాలివ్వమని చెప్పాడు. ముందు ఊళ్లో కూర్చున్న తర్వాతే నివేదిక. మాస్టారి దగ్గర ఆ వరస ఎప్పుడూ తప్పలేదు.

*

జెనీవా వెళ్లే అవకాశం ఆయనకు నడివయసు దాటాక వచ్చింది. అమ్మగారు ఊలు స్వెట్టరు అల్లారు. అక్కడ జులై నెల, స్వెట్టరు పెట్టెలోంచి తీయనే లేదట.

తిరిగి వచ్చాక ఎన్ని సాయంత్రాలు ఆ సభ గురించి చెప్పారో. ఐక్యరాజ్యసమితిలో తక్కిన చోట్ల ప్రభుత్వాలకో, ముందుగా గుర్తింపు పొందిన సంస్థలకో తప్ప మాట్లాడే వీలుండదు. ఈ కార్యవర్గంలో మాత్రం ఏ గుర్తింపూ లేని తెగ నుంచి వచ్చిన మనిషి కూడా లేచి మాట్లాడవచ్చు. గ్రీసు దేశపు న్యాయవేత్త ఎరికా ఐరీన్ డేస్ అధ్యక్షత వహించేవారు. మావోరీలు, ఉత్తర యూరప్ సామీలు, చిలీ నుంచి మపూచేలు, మన దేశం నుంచి నాగాలు, జార్ఖండ్ వాళ్లు. రాంచీ నుంచి రామ్ దయాళ్ ముండా లాంటి పండితులు ఆ సభలకు వెళ్లేవారు. మన ప్రభుత్వ ప్రతినిధి లేచి, భారతదేశంలో అందరూ ఈ నేలకు చెందినవాళ్లేనని, విడిగా ఆదివాసీ జాతులంటూ లేవని చెప్పేవారు. మాస్టారికి అది మింగుడుపడేది కాదు. 1958లో ఏ జనం కోసం సంతకం పెట్టామో ఆ జనమే లేరనడం ఏమిటని.

ఆయన తెచ్చిన పెట్టెలో బట్టల కంటే కాగితాలు ఎక్కువ. మూలలో సంఖ్యలు, గీతలు ఉన్న ఐక్యరాజ్యసమితి పత్రాలు, ఆదివాసీ హక్కుల ప్రకటన ముసాయిదా. ఆ ముసాయిదాను కార్యవర్గం 1993లో పూర్తి చేసింది. ప్రభుత్వాలు దాన్ని పద్నాలుగేళ్లు నానబెట్టాయి.

*

1997 జులైలో సుప్రీంకోర్టు నుంచి సమత తీర్పు వచ్చింది. బొర్రా పరిసరాల్లో గనుల లీజులపై సమత సంస్థ వేసిన కేసు అది. జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ ఒకవైపు, జస్టిస్ పట్నాయక్ భిన్నాభిప్రాయం. 1/70లో ‘వ్యక్తి’ అన్నచోట ప్రభుత్వం కూడా వస్తుందని, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకూ ప్రైవేటు కంపెనీలకూ లీజుకివ్వడం చెల్లదని మెజారిటీ తీర్పు. తవ్వితే ప్రభుత్వ సంస్థో, గిరిజనుల సహకార సంఘమో తవ్వాలి. నికర లాభంలో కనీసం 20 శాతం గిరిజనుల అభివృద్ధికి కేటాయించాలి.

జిరాక్సు ప్రతి చేతికి వచ్చిన రోజు మాస్టారు భోజనానికి లేవలేదు. నేను అప్పటికి టైపు మానేసి, ఆయన ఒత్తిడి మీద లా చదివి, నల్లకోటు వేసుకుని కొద్ది కాలమే అయింది. ఆయన చదువుతూ పేజీలు నాకు అందిస్తున్నారు, నేను అమ్మగారికి చెబుతున్నాను. తెల్లటి దుమ్ము పట్టిన ఆ ఆకులు నాకు గుర్తొస్తూనే ఉన్నాయి.

అంత సంతోషంలోనూ ఎర్ర పెన్సిల్ ఒకచోట ఆగింది. ప్రభుత్వ సంస్థ తవ్వవచ్చన్న చోట. తవ్విన ముడిసరుకు ఎవరికి అమ్ముతారు అని పక్కన రాశారు. ఆ ప్రశ్న ఎంత నిజమో తర్వాత చింతపల్లి, అరకు కొండల్లో బాక్సైటు తవ్వకాల తగువుల్లో తేలింది. ఖనిజాభివృద్ధి సంస్థ పేరున అనుమతులు, ఖనిజం మాత్రం ప్రైవేటు కర్మాగారాలకు. ఊళ్లు ఏళ్ల తరబడి పోరాడాయి. తవ్వకాలకు దారి తెరిచిన 2015 నాటి జీవో 97 చివరికి 2019లో రద్దయింది.

*

2007 సెప్టెంబరు 13న ప్రకటన న్యూయార్కులో ఆమోదం పొందింది. అనుకూలం 144, వ్యతిరేకం 4, తటస్థం 11. పేపరు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. అప్పటికి ఆయన రిటైరై చాలా కాలమైంది, చూపు మందగించింది. చదివి వినిపించాను. మాబో తీర్పు వచ్చిన దేశం ఎటు వేసిందని అడిగారు. వ్యతిరేకంగా అన్నాను. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా, అమెరికా, ఈ నలుగురే వ్యతిరేకం. ‘‘డెస్కాహే వెళ్లిన పని ఇంకా మిగిలే ఉందన్న మాట’’ అన్నారు. ఆ నాలుగు దేశాలు 2010 చివరికల్లా మనసు మార్చుకున్నాయి. మనదేశం అనుకూలంగానే వేసింది, మళ్లీ అందరూ మూలవాసులేనన్న పాత మాట చెప్పి.

మర్నాటి నుంచి 46 అధికరణాలకూ తెలుగు చెప్పడం మొదలుపెట్టారు. ఆయన చెప్పేవారు, నేను రాసేదాన్ని, అమ్మగారు విని అర్థం కాని చోట ఆపేవారు. అమ్మగారికి అర్థమయ్యే దాకా వాక్యం ఖాయం కాదు. పాడేరులో ఆ కుర్రవాడు చెప్పిన పదో అధికరణం ఆ వాక్యాల్లోదే. ఎవరి చేతుల మీదుగా అతని దాకా వెళ్లిందో తెలియదు. నేను అడగలేదు.

ఒడిశాలోని నియమగిరి కొండ మీద తీర్పు వచ్చేసరికి ఆయన మంచాన ఉన్నారు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కొండను దేవుడిగా కొలిచే డోంగ్రియా కోందుల హక్కు గ్రామసభలోనే తేలాలంది. ఆ తీర్పులో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికల ప్రస్తావన ఉంది, ఐక్యరాజ్యసమితి ప్రకటన ప్రస్తావన ఉంది. ఆ పేరాలు రెండుసార్లు చదివించుకున్నారు. ఆ జులై, ఆగస్టుల్లో పన్నెండు ఊళ్ల గ్రామసభలు జరిగి, కొండ మీద బాక్సైటు తవ్వకం పన్నెండూ వద్దన్నాయి. దేవత కోసం వేలిముద్ర ఎవరు వేశారని ఎప్పుడో ఒక ముసలావిడ అడిగిన ప్రశ్నకు అది జవాబని ఆయన నమ్మారు. నేనూ నమ్ముతున్నాను.

*

ఆయన పోయాక అమ్మగారు ప్రశ్నల పుస్తకాలు నాకు అప్పగించారు. కొన్నిటికి చెదలు పట్టాయి. కొన్ని పేజీల్లో కార్బన్ వేలిముద్రలు, నావే. ఏ విశ్వవిద్యాలయానికైనా ఇవ్వమని కొందరన్నారు. నేను ఏజెన్సీ నుంచి వచ్చి విశాఖలో లా చదువుతున్న పిల్లలకు ఇచ్చాను. వాళ్లు ఒక్కొక్క పేజీ ఫోనులో ఫొటో తీసి, ఊరివారీగా పేర్చుకున్నారు. వాళ్లలో ఒకమ్మాయి తమ ఊరి పేజీలో తన తాతమ్మ పేరు చూసుకుంది. ఆవిడ రాయమని చెప్పి రాయించుకున్న పేరు.

ఇప్పుడు వాళ్లే కొత్తవి రాస్తున్నారు. అనంతగిరి కొండల్లో నీటిని పైకెక్కించి కిందికి వదిలి కరెంటు తీసే ప్రాజెక్టుల మాట నడుస్తోంది. మొన్న వాళ్లు పంపిన పేజీలో పైన ఊరి పేరు, కింద మూడు ప్రశ్నలు. గ్రామసభ పెట్టామంటున్నారు, దండోరా ఎవరు వేశారు? సంతకాలు హాజరు కోసమన్నారు, అవి సమ్మతి సంతకాలుగా ఎలా మారాయి? తీర్మానం నకలు మా ఊళ్లో ఎవరి దగ్గరుంది?

పంచాయతీ కార్యదర్శికి సమాచార హక్కు కింద దరఖాస్తు ఎలా పెట్టాలో, షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టం పీసాకు 2011లో రాష్ట్రం చేసిన నియమాల్లో గ్రామసభ నోటీసు గురించి ఏముందో రాసి పంపాను. వచ్చే వారం ఆ ఊరు వెళ్తున్నాం. వాళ్లు సరిహద్దు నడక కూడా పెట్టుకున్నారు, ముసురు తగ్గితే.